ఏ ఒడ్డని అడగలేదు

"కారులో అయితే చాలా సులువండీ," అంది ఫోనులో ఆ అమ్మాయి. "హైవే మీద తడ దగ్గర దిగి పడమటికి తిరగండి. కొండ కింద మా గేటు కనిపిస్తుంది. పార్కింగ్ ఫ్రీ."

"మాకు కారు లేదండీ."

"అయితే క్యాబ్ బుక్ చేసుకోండి."

"మాది సరస్సు మధ్యలో దీవి మేడం. క్యాబ్ రాదు. పడవ వస్తుంది. ఈ ఎండలకి అదీ రావడం లేదు."

ఆమె నిజంగానే ఆలోచించినట్టుంది, "మరి మీరెలా వస్తారు?" అని తిరిగి నన్నే అడిగింది.

"సైకిలు మీద వస్తాను. సైకిళ్ల సెంటరుకి సైకిలు మీద రాకూడదని రూలేమైనా ఉందా?"

నాకు నోరు కాస్త ఎక్కువే. పులికాట్ సరస్సులో చేపలు పట్టే ఇంట్లో పుట్టి, రొయ్యల షెడ్డులో పనిచేసే ఆడపిల్లకి ఆ మాత్రం నోరు లేకపోతే బతకడం కష్టం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఐసు నీళ్లలో చేతులు పెట్టి రొయ్యల తలలు వలవాలి. వేళ్ల చివర్లు తెల్లగా ఉబ్బిపోయి, రాత్రి అన్నం ముద్ద వేడిగా ఉందో చల్లగా ఉందో కూడా తెలియదు. బోగోలు బీచిలో జరిగిన సైకిలు పందెంలో నేను గేర్ల సైకిలు గెలుచుకున్నప్పుడు షెడ్డులో అందరూ నవ్వారు. ఇసక దిబ్బల్లో దాన్ని తొక్కుతుంటే ఇంకా నవ్వారు. అప్పుడే తెలిసింది, తడకి పడమట ఉన్న కొండల్లో కొత్తగా మౌంటెన్ బైకింగ్ సెంటరు పెట్టారని. అడవిలో, రాళ్ల మీద సైకిలు తొక్కే బాటలు. వచ్చినవాళ్లకి దారి చూపించే గైడు ఒకరు కావాలన్నారు. ఆదివారం తెల్లవారగానే పరీక్ష. కింది నుంచి కొండ నెత్తి దాకా కాలు నేలకి ఆనించకుండా ఎక్కినవాళ్లకి పని, ఉండటానికి గది. శనివారం చీకటి పడ్డాక గేటు మూసేలోపు చేరుకుని పేరు చెప్పాలి. చెప్పకపోతే లేదు.

ఆ పని వస్తే నాకు షెడ్డు ఉండదు. నేను కోరుకున్నది అంతే.

మా నాయన ముత్యాలయ్య వల బాగుచేసుకుంటూ తలెత్తకుండానే అన్నాడు. "నీళ్లోళ్లకి కొండ మీద ఏం పని? ఎట్ట పోతావే ఒక్కదానివి?"

"నీళ్లు యాడుండాయి నాయనా ఇప్పుడు? అంతా ఎండిపోయింది గదా. ఆ మీదే పోతా."

మోటారుసైకిలు ఉన్న ప్రసాదు బాబాయిని అడిగితే టైరు పంచరన్నాడు. ఆ టైరు నిక్షేపంగా ఉందని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. శనివారం షెడ్డు మేస్త్రీ మధ్యాహ్నానికే వదలాల్సింది, కావాలని సాయంత్రం దాకా కూర్చోబెట్టాడు. నేను సైకిలు తీసేసరికి పొద్దు వాలింది. మా అవ్వ కామమ్మ గుమ్మంలో నిలబడి ఒక్కటే చెప్పింది. "గడల్ని ఇడిచి పక్కకి పోబాక."

మే నెలలో మా సరస్సును చూస్తే సరస్సని ఎవరూ అనరు. నీళ్లు పోయి, అడుగు నేల పగుళ్లు బారి, మీద ఉప్పు తెల్లగా పేరుకుని ఉంటుంది. పడవల దారి గుర్తుకోసం నాటిన సరుగుడు గడలు మాత్రం ఎక్కడివక్కడ నిలబడి ఉంటాయి. వాటి వెంటబడి పోతే నేల గట్టి. పక్కకి జరిగితే, పైకి ఎండినట్టే కనిపిస్తుంది గానీ, కింద బురద. కాలు పెడితే తొడ దాకా దిగుతుంది. లాగిన కొద్దీ ఇంకా దిగుతుంది.

అందుకే మా వాళ్లకొక కట్టుబాటు ఉంది. బయటి ఊళ్లలో మసక చీకట్లో ఎవరైనా పిలిస్తే మూడోసారి దాకా పలకొద్దంటారు. మా దగ్గర అది కుదరదు, మూడోసారి పిలిచేలోపు మనిషి మునిగిపోతాడు. సరస్సులో కేక వినిపిస్తే మొదటి కేకకే "ఉండాం" అని పలకాలి. పలికినవాళ్లే ఆ మనిషిని ఒడ్డుకి చేర్చాలి. ఇంకొకరికి అప్పజెప్పడానికి లేదు. అయితే, పలికీ పలకగానే "ఏ ఒడ్డు?" అని అడగాలి. తూర్పు ఒడ్డో, పడమటి ఒడ్డో, దీవి ఒడ్డో చెప్పించుకుని, అప్పుడే చెయ్యి అందించాలి. ఎందుకలా అని చిన్నప్పుడు అడిగితే అవ్వ కసిరింది. అనవసరపు తిరుగుడు తప్పుతుందని అడుగుతారేమో అనుకుని ఊరుకున్నాను.

సగం దారి బాగానే సాగింది. ఎండ వేడి ఇంకా నేలలోంచి పైకి తగులుతోంది. టైరు కింద ఉప్పు పొర పెటపెటమని విరుగుతోంది. కొంగలు గుంపుగా పడమటికి పోయాయి. ఒకసారి ఆగి ఫోనులో మ్యాపు చూశాను. మ్యాపుకి వేసవి తెలియదు కదా, అందులో నేను నీలం రంగు నీళ్ల నట్టనడుమ చుక్కలాగా ఉన్నాను. నవ్వొచ్చింది. ఫోను జేబులో పెట్టుకున్నాను.

వెలుగు తగ్గింది. గాలి ఆగిపోయింది. సముద్రం వైపు నుంచి ఎప్పుడూ ఉండే హోరు కూడా వినిపించడం లేదు.

అప్పుడు వచ్చింది వాసన. చేపల వాసన అయితే నేను పట్టించుకోను, నా ఒంటికే ఉంటుంది. ఇది అది కాదు. వానాకాలంలో ఏర్లు పొంగి మొదటిసారి సరస్సులోకి వచ్చినప్పుడు వచ్చే వాసన. ఎర్రమట్టి, కుళ్లిన ఆకులు, చల్లదనం. కొత్త నీళ్ల వాసన. చుట్టూ చుక్క నీరు లేదు.

"ఓ...య్..."

ఎడమపక్క నుంచి. సన్నగా. ఆడమనిషి గొంతు.

నేను ఆలోచించలేదు. గేటు మూసేస్తారన్న తొందర ఒకవైపు, పుట్టినప్పటి నుంచి ఉన్న అలవాటు ఒకవైపు. బ్రేకు కూడా వెయ్యకుండానే నోరు పలికేసింది.

"ఉండాం! నేనుండా! ఒడ్డుకి చేరస్తా, భయపడబాక!"

ఫోను లైటు వేసి ఎడమపక్కకి తిప్పాను. పగుళ్ల నేల. తెల్లటి ఉప్పు. ఎవరూ లేరు. దిగబడిన మనిషి లేదు, అడుగులు లేవు. మళ్లీ పిలిచాను. బదులు లేదు.

సరే, ఎవరో ఆటలాడుతున్నారనుకుని పెడల్ మీద కాలు వేసి తొక్కాను.

సైకిలు కదలలేదు.

గట్టిగా తొక్కాను. కదిలింది. కానీ బరువుగా. వెనక చక్రం నేలలోకి దిగుతూ... ఈడ్చుకుంటూ. నా సైకిలుకి వెనక సీటు లేదు. క్యారియరు లేదు. మనిషి కూర్చునే చోటే లేదు. అయినా మనిషి కూర్చున్న బరువు.

మెడ మీద చల్లగా తగిలింది. ఊపిరి.

"పోదామక్కా."

ఆ గొంతు నాకన్నా చాలా పెద్దది. మా అవ్వకన్నా పెద్దది. అది నన్ను అక్కా అంటోంది.

నా ఒళ్లంతా ఒక్కసారి జల్లుమంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏం దాచను, భయపడ్డాను. కానీ ఆ భయంతోనే కోపం కూడా వచ్చింది. పంచరు పడని టైరు పంచరన్న బాబాయి, సాయంత్రం దాకా కూర్చోబెట్టిన మేస్త్రీ, క్యాబ్ బుక్ చేసుకోమన్న ఆ అమ్మాయి, ఇప్పుడు ఇది. నేను ఎక్కడికైనా బయల్దేరితే చాలు, అందరికీ నా దారిలోనే పని పడుతుంది.

వెనక్కి తిరిగి చూశాను. చూడకూడదంటారు, చూశాను. సైకిలు మీద ఎవరూ లేరు. కానీ నేను వచ్చిన దారిలో నా టైరు గీత పొడుగునా తడి. పగుళ్లు తేలిన నేలలో, ఆ ఒక్క గీతలో, నీళ్లు నిండి మెరుస్తున్నాయి. పారుతున్నాయి. నా వైపుకే.

"ఒడ్డు దాకానే," అన్నాను పైకే. "చెప్పినా కాబట్టి తీసకపోతా. ఆడ దిగిపోవాల."

తొక్కాను. ఒక్కో గడ దాటేసరికి తొడలు మండిపోయాయి. ఊపిరి నా మెడ మీదే ఉంది, లోపలికి పీల్చడం లేదు, వదలడమే. పడమటి ఒడ్డున రేవు దగ్గర దీపం కనిపించాక ఏడుపొచ్చింది. ఇసక మెట్ట ఎక్కి సైకిలు ఆపాను.

"ఒడ్డొచ్చింది. దిగు."

"ఇది కాదక్కా."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. నేను ఏ ఒడ్డని అడగలేదు.

"ఏ ఒడ్డు మరి?" అన్నాను. చాలా ఆలస్యంగా.

నవ్వలేదు, ఏడవలేదు. మెల్లిగా, చాలా మర్యాదగా అంది. "వస్తే చెప్తాలే."

సైకిలు అక్కడే పడేసి ఇంటికి పరుగెత్తొచ్చు. ఆ ఆలోచన రాలేదని చెప్పను. కానీ వెనక్కి వెళ్లాలంటే ఆ చీకట్లో, ఆ తడిగీత మీదుగానే పోవాలి. పోయినా సోమవారం పొద్దున షెడ్డు. ఐసు నీళ్లు. దెయ్యం మీద భయం ఎంతుందో, ఐసు నీళ్ల మీద అసహ్యం నాకు అంతకన్నా ఎక్కువుంది.

"చూడు," అన్నాను. "నేను కొండకి పోతుండా. నీ ఒడ్డు యాడుండాదో నాకు తెలవదు. నా దారిన నేను పోతా. నీకు కావాల్నంటే కూచో, లేకుంటే దిగి నడు. నాకు మాత్రం ఆ పని గావాల."

మళ్లీ వచ్చింది గొంతు. ఈసారి కొంచెం వేరుగా ఉంది. ఆశపడినట్టు.

"కొండకా...? పోదామక్కా."

తడలో బస్సు ఎక్కబోతే కండక్టరు సైకిలు చూసి చెయ్యడ్డం పెట్టాడు. పైకెక్కించే మనిషి లేడన్నాడు. నేనే ఎక్కిస్తానంటే, ఆడపిల్లవి పడితే ఎవరిది పూచీ అన్నాడు. శ్రీకాళహస్తి రోడ్డులో చేపలు దింపేసి ఖాళీగా పోతున్న వ్యాను ఒకటి ఆపాను. డ్రైవరు జయకుమార్ మా చేపల కోసం ఆ రేవుకి రోజూ వచ్చే మనిషి. సైకిలు వెనకాల పడుకోబెట్టి ముందు కూర్చున్నాను.

కాస్త దూరం పోయాక అతను అద్దంలోకి చూశాడు. గేరు మార్చాడు. మళ్లీ చూశాడు.

"ఏమేసినావు పాపా ఎనకాల?"

"సైకిలేనన్నా."

"బండి కూచుంటుండాది. ఐసు నింపినప్పుడు గూడా ఇంత కూచోదు."

కొండ దారి మలుపులో దిగినప్పుడు వ్యాను వెనక రోడ్డు మీద నల్లగా తడి గీత, మేం వచ్చినంత మేరా. జయకుమార్ దాన్ని చూసి, పెట్టెల్లో ఐసు కరిగిందేమో అని తనకి తనే చెప్పుకున్నాడు. పెట్టెలు పొద్దున్నే ఖాళీ అయ్యాయని మా ఇద్దరికీ తెలుసు. టీ తాగి వెళ్దాం అనే మనిషి, ఆ పూట చెయ్యి కూడా ఊపకుండా వెళ్లిపోయాడు.

గేటుకి తాళం వేస్తుండగా చేరాను. తాళం వేస్తున్నాయన పేరు జడ్సన్. నెల్లూరాయన, అక్కడ కోచ్. చెమటతో ముద్దయిన నన్ను, సైకిల్ని, నా వెనక రోడ్డుని మార్చి మార్చి చూశాడు.

"కారెక్కడ పెట్టారమ్మా?"

"కారు లేదు సార్. తొక్కుకుంటూ వచ్చినా. దీవి నుంచి."

"వనజాక్షి గారా? ఫోన్ చేసింది మీరేనా?" నవ్వాడు. "మీరు రారనే అనుకున్నాం." పేరు రాసుకుని నీళ్లిచ్చాడు. ఆ నీళ్లు నోట్లో పోసుకుంటే ఎర్రమట్టి వాసన. ఊసేశాను.

గుడారంలో పడుకున్నాను గానీ నిద్రపోలేదు. బయట చెట్టుకి ఆనించిన సైకిలు నుంచి బొట్టు... బొట్టు... నీళ్లు కారుతూనే ఉన్నాయి.

తెల్లవారింది. మద్రాసు నుంచి, నెల్లూరు నుంచి వచ్చినవాళ్లు కార్ల వెనక నుంచి సైకిళ్లు దింపుకుంటున్నారు. తేలిగ్గా, రెండు వేళ్లతో ఎత్తుతున్నారు. నా వెనక చక్రాన్ని నేను రెండు చేతులతో కూడా లేపలేకపోయాను. ఒకబ్బాయి అది చూసి నవ్వాడు. నవ్వుకోనీ అనుకున్నాను, వాడు వచ్చింది ఒక్కడే.

ఈల వినిపించింది. అందరూ రివ్వున పోయారు. నేను ఆఖరున.

బాట మొదట చెట్ల మధ్య, తర్వాత వాగు రాళ్లు, ఆ తర్వాత నున్నటి బండ. రాళ్ల దగ్గర ఒకడు దిగాడు. బండ దగ్గర ఇద్దరు. నవ్వినవాడు సైకిలు భుజాన వేసుకుని నడుస్తున్నాడు. వాళ్లకి కొండ తెలుసు. నాకు బురద తెలుసు. బరువుతో ఆగకుండా, తొందరపడకుండా, చక్రం జారే ముందే దాన్ని పట్టుకోవడం నాకు ఆ ఎండిన సరస్సే నేర్పింది. తొడల్లో నిప్పులు. కళ్ల ముందు చీకట్లు. కాలు మాత్రం దింపలేదు.

అప్పుడు బరువు పెరిగింది. రెండు చేతులు నా నడుము చుట్టూ బిగిశాయి. చల్లగా... మెత్తగా... నానిపోయినట్టు.

"ఆగబాకక్కా. వస్తుండారు."

"ఎవురు?"

జవాబు కింది నుంచి వచ్చింది. అడవిలోంచి. పట్టపగలు.

"ఓ...య్..."

ఒక గొంతు కాదు. చాలా గొంతులు. మగ, ఆడ, పిల్లలు. ఒకదాని వెనక ఒకటి, కొండ చుట్టూ అన్ని వైపుల నుంచి.

నా నోరు తెరుచుకుంది. అలవాటు, నాలుక కొస దాకా వచ్చేసింది. పళ్లు బిగించాను. పెదవి తెగి రక్తం రుచి తగిలింది. పలకలేదు. మా వాళ్లలో ఎవరూ చెయ్యని పని చేశాను, కేక విని పలకలేదు. తప్పయితే తప్పే. ఇంతమందిని మొయ్యడానికి నా దగ్గర సైకిలు లేదు.

నిలబడి తొక్కాను. ఆఖరి బండ. చక్రం జారింది. నిలదొక్కుకుంది. ఎక్కేశాను.

కొండ నెత్తి మీద ఒక్కసారిగా గాలి. ఎండ. దూరంగా తూర్పున మా సరస్సు, పళ్లెమంత తెల్లటి మచ్చ.

నడుము మీద చేతులు సడలాయి.

"ఇదే," అంది. ఊపిరి మొదటిసారి లోపలికి పీల్చింది. "ఇదేనక్కా మా ఒడ్డు."

సైకిలు తేలికై ముందుకు ఎగిరినంత పని చేసింది. నేను పడబోయి నిలబడ్డాను. కింది కేకలు ఆగిపోయాయి. బండ మీద ఎవరూ లేరు.

జడ్సన్ సార్ పైనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చప్పట్లు కొట్టుకుంటూ వచ్చాడు. కాలు దింపకుండా ఎక్కింది నువ్వొక్కదానివే, పని నీదే అన్నాడు. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను. ఆ సంతోషాన్ని దేనికీ వదులుకోను. ఆయన నా భుజం తట్టి, కిందికి చూసి, రాత్రి వాన పడిందా అని అడిగాడు. కొండ నెత్తిన ఉన్న బండలన్నిటికీ చుట్టూతా, ఒకే ఎత్తున, చీలమండకి తగిలేలా ఒక తడి గీత ఉంది.

వాన పడలేదు. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

ఇప్పుడు నేను ఇక్కడే ఉంటున్నాను. వచ్చినవాళ్లకి బాట చూపిస్తాను. కారు లేనివాళ్లకి తడ నుంచి వ్యాను కుదిర్చి పెడతాను. నా వేళ్లకి వేడి మళ్లీ తెలుస్తోంది. వానలు వచ్చి వెళ్లాయి. ఏర్లన్నీ పొంగాయి. అయినా సరస్సులో నీళ్లు నిలవడం లేదంట, వచ్చిన నీళ్లు వచ్చినట్టే ఎటో పోతున్నాయంట, పడవలన్నీ ఇసకలోనే ఉన్నాయంట. ఎటు పోతున్నాయో నాకు తెలుసు, ఒడ్డు అడక్కుండా మోసుకొచ్చింది నేనే. నాయన ఫోనులో చెప్పి, ఇంటికొచ్చెయ్యమ్మే అన్నాడు. రానన్నాను. పోరాడి తెచ్చుకున్న చోటు ఇది. ఏది వచ్చినా ఇక్కడే నిలబడి చూస్తాను.

రోజూ పొద్దున్నే అందరికన్నా ముందు పైకెక్కి ఆ బండ పక్కన నిటారుగా నిలబడతాను. వినాయక చవితికి తడి గీత నా మోకాలికి వచ్చింది. ఈ పొద్దున చూశాను. నడుము దాటింది.